ఏడో హోల్ జెండా

ఏడో హోల్ వెనకిల్లు,
ఆదివారం మధ్యాహ్నం.

చెల్లీ,

ఫోను చేస్తే నువ్వు "బాగున్నానక్కా" అంటావు, నేను "మేమూ బాగున్నాం" అంటాను, ఇద్దరం కాసేపు గొంతులు సవరించుకుంటాం, పెట్టేస్తాం. నువ్వు వెళ్లిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఇలాగైతే నువ్వున్న ఊళ్లో ఎండ కాస్తోందో వాన పడుతోందో కూడా నాకు తెలిసేటట్టు లేదు. అందుకని కాగితం తీశాను. ఇక నుంచి ఆదివారం ఆదివారం రాస్తాను. నువ్వూ రాయాలి. చేతిరాత బాగోదని వంక పెట్టకు. నీకు అక్షరాలు దిద్దించింది నేనే, నాకు అర్థమవుతుంది.

ముందు కాలనీ వార్తలు. మొన్న మీ బావ కొట్టిన బంతి గోల్ఫ్ మైదానం దాటి, రోడ్డు దాటి, జడ్జి గారి వరండాలో దీపం పగలగొట్టింది. జడ్జి గారు రిటైరై ఎన్నేళ్లయినా తీర్పులివ్వడం మానలేదు, పైగా ఈ ఏడాది కాలనీ కమిటీకి ఆయనే ప్రెసిడెంటు. మీ బావ వెళ్లి "ఆ బంతి నాది కాదండీ" అన్నారట. బంతి మీద ఎర్ర సిరాతో తన సంతకం తనే పెట్టుకున్న సంగతి ఈయనకి గుర్తు లేదు. జడ్జి గారు బంతి చేతికిచ్చి పైకి చదవమన్నారట. ఇంటికొచ్చి రెండు రోజులు నాతో కూడా మాట్లాడలేదు, దీపం నేను పగలగొట్టినట్టు.

కుంటలో బాతు మళ్లీ పిల్లల్ని లేపింది. వాటిని వరసగా నడిపించుకుంటూ సరిగ్గా పోటీ జరిగే వేళకే మూడో హోల్ దాటిస్తుంది. పెద్దమనుషులందరూ ఆట ఆపి, కర్రలు పట్టుకుని నోరు మూసుకుని నిలబడాల్సిందే. గేటు దగ్గర కొత్తగా కెమెరా పెట్టారు. వాచ్‌మన్ రోజూ దాని ఎదురుగా నిలబడి తల దువ్వుకుంటున్నాడు.

ఇంకో వార్త. గడ్డి మేష్టారి మీద కమిటీకి ఫిర్యాదు వెళ్లింది. మైదానంలో గడ్డి పెంచడం, కత్తిరించడం, నీళ్లు పెట్టించడం అంతా చూసుకునే ఆయన్ని ఇన్నేళ్లలో ఎవరూ పల్లెత్తు మాట అనగా వినలేదు. ఇప్పుడు తెలిసిందేమిటంటే, జెండా పాతే ఆ చిన్న గుంట ఉంటుందే, దాన్ని రోజూ పొద్దున్నే చోటు మార్చాలట. పాతదాన్ని పూడ్చి కొత్తచోట కోయాలట. లేకపోతే అందరి కాళ్లూ ఒకేచోట పడి గడ్డి చచ్చిపోతుందట. ఇన్నేళ్లు దాని వెనకే కాపురం ఉండి నాకు ఈ ముక్క తెలియదు. అన్ని హోల్సూ ఎప్పటిలాగే మారుస్తున్నారట గానీ, మన ఏడో హోల్ జెండా మాత్రం నెల రోజులుగా కదలలేదని గోల.

ఉద్యోగం ఆరు నెలలే అన్నావు. నువ్వు ఎవరి బదులు చేస్తున్నావో ఆ అమ్మాయి సెలవు నుంచి రాగానే బయల్దేరు. ఒక్క వారం కూడా ఎక్కువ ఉండకు. నీ గది రోజూ ఊడ్చి తలుపు దగ్గరగా వేసి ఉంచుతున్నాను. వంట చేస్తూ చేస్తూ "ఉప్పు చూడవే" అని గరిటె పట్టుకుని వెనక్కి తిరుగుతున్నాను. మీ బావ వచ్చి చూస్తున్నారు. ఆయన నాలుకకి ఉప్పూ తెలియదు, చక్కెరా తెలియదు.

మీ అక్క

(మరదలికి: నువ్వు లేక ఈ ఇంట్లో నా మాటకి అడ్డు చెప్పేవాళ్లు ఒక్కళ్లే మిగిలారు. ఆట రసవత్తరంగా లేదు. త్వరగా రా. బావ.)

•

ల్యాబు మీది గది,
బుధవారం.

అక్కా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. బంతి మీద బావగారి సంతకం దగ్గర పైకే నవ్వాను, పక్కన పనిచేసేవాళ్లు తలెత్తి చూశారు.

నా గది నీకు చూపిస్తాను. కింద డాక్టరమ్మ పళ్ల ఆసుపత్రి, మధ్యలో కట్టుడు పళ్లు చేసే మా ల్యాబు, పైన నేను. మెట్లెక్కుతుంటే తడి ప్లాస్టరు వాసన గది దాకా వెంట వస్తుంది. ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ. కిటికీ తీస్తే బస్సుల షెడ్డు గోడ. ఎంత మెడ సాచినా పచ్చరంగు ఒక్క ముక్క కనపడదు. మన వెనక మెట్టు మీద కూర్చుంటే కళ్లు ఎంత దూరం పరుగెత్తేవో ఇక్కడికొచ్చాక తెలిసింది.

పని బాగుంది. నేను చేసిన పళ్ల సెట్లు బిగువుగా కూర్చుంటున్నాయని డాక్టరమ్మ ముఖాన్నే చెప్పింది. మొన్న ఒక పెద్దాయన వచ్చి, కొత్త పళ్లలో ముందు రెండింటి మధ్య సందు ఉంచమన్నాడు. ఎందుకండీ, ఇప్పుడు నిండుగా పెట్టించుకోవచ్చు కదా అంటే, "మా ఆవిడ ఆ సందు చూసే నన్ను చేసుకుంది, ఇప్పుడు పూడిస్తే ఎవరో అనుకుంటుంది" అన్నాడు. మైనంలో ఆ సందు దిద్దడానికి ఒక పూటంతా పట్టింది. అంత శ్రద్ధగా నేను ఏ పన్నూ చెయ్యలేదు.

అక్కా, ఏడో హోల్ జెండా ఏ మూల ఉందో రాయలేదు నువ్వు. ఇసక గొయ్యి పక్కనా, మన మెట్ల వైపా, లేక మధ్యనా? ఊరికే అడుగుతున్నాను. నువ్వు రాస్తే మైదానం కళ్ల ముందు కనపడుతుందని.

నా మీద బెంగ పెట్టుకోకు. నేను పెట్టుకోవడం లేదు.

చెల్లి

•

ఏడో హోల్ వెనకిల్లు,
ఆదివారం, వాన వెలిశాక.

చెల్లీ,

"ఊరికే అడుగుతున్నాను" అన్న మాట చదివి కాగితం పక్కన పెట్టి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. నువ్వు చిన్నప్పట్నుంచీ ఊరికే ఏదీ అడగలేదు. "ఊరికే అడుగుతున్నా, ఆ గౌను ఎంతుంటుంది" అన్నావంటే ఆ గౌను ఇంటికి రావలసిందే.

జెండా ఇసక గొయ్యి పక్కన ఉంది, ఎడమ చేతి మూల, పల్లంలోకి జారే చోట. మీ బావ మాటల్లో చెప్పాలంటే మతి ఉన్నవాడెవడూ అక్కడ గుంట పెట్టడు. బంతి గుంట అంచు దాకా వచ్చి, ఆలోచించుకుని, ఇసకలోకి దిగిపోతుంది. ఎవరికీ ఆ హోల్‌లో ఆట సాగడం లేదు. అక్కడి గడ్డి పసుపుపచ్చగా మారి, ఇప్పుడు మట్టి తేలింది.

నిన్న జడ్జి గారు కమిటీని వెంటేసుకుని అక్కడికే వచ్చారు. నేను బట్టలు ఆరేస్తూ అంతా విన్నాను. ఆరేసిందే మళ్లీ తీసి ఆరేశాను.

"ఏమయ్యా, మిగతా పదిహేడు హోల్సు రోజూ మారుస్తున్నావు, దీనికేం వచ్చింది?"

గడ్డి మేష్టారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. నీకు తెలుసు కదా ఆయన సంగతి, గడ్డి గురించి అడిగితే గంట పాఠం, మిగతా లోకం గురించి అడిగితే బెల్లం కొట్టిన రాయి.

"నీ గడ్డి చచ్చిపోతోంది, కనపడుతోందా?"

"కనపడుతోందండి."

"మరి మారుస్తావా?"

"చూస్తానండి."

పొద్దున్న లేచి చూస్తే జెండా అక్కడే ఉంది. మేష్టారు కూర్చుని ఆ మట్టి తేలిన చోట దువ్వెనతో దువ్వినట్టు గడ్డి సర్దుతున్నారు. మనిషి చిక్కిపోయారు. బద్ధకం వచ్చిందని కొందరు, వయసు మీద పడిందని కొందరు, మనసు బాగోలేదేమోనని క్లబ్బు వంటావిడ. పని ఏదైనా కంపెనీకి అప్పజెప్పాలని మాటలు నడుస్తున్నాయి.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఆ మూల సంగతి నీకెందుకు?

అక్క

•

ల్యాబు మీది గది,
శుక్రవారం.

అక్కా,

మూడు కాగితాలు చింపి ఇది రాస్తున్నాను. మధ్యలో ఆపకుండా చదువు. నాకు ఎదురుగా నువ్వుంటే చెప్పలేకపోయేదాన్ని.

నేను రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వెనక మెట్టు మీద కూర్చునేదాన్ని కదా. నువ్వు చలిగాలికి కూర్చోకు అని తిట్టేదానివి. ఆ వేళకి గడ్డి మేష్టారు గుంట కోసే గొట్టం భుజాన వేసుకుని వచ్చేవారు. చాలా ఏళ్ల కిందట ఒకరోజు ఎటు కొయ్యాలా అని గడ్డి మధ్యలో నిలబడి ఆలోచిస్తుంటే, నేను నవ్వులాటకి గ్లాసుతో చూపించాను, అదిగో అక్కడ అని. ఆయన వెళ్లి సరిగ్గా అక్కడే కోశారు. మర్నాడు వచ్చి, "ఇవాళ ఎక్కడండీ?" అని అడిగారు. అప్పట్నుంచీ నేను ఇక్కడికి వచ్చిన రోజు దాకా ఏడో హోల్ గుంట నేను చూపించిన చోటే. బావగారు అన్నిసార్లు తిట్టుకున్నది నన్నే. బావగారికి మాత్రం చెప్పకు.

అంతే అక్కా. అంతకు మించి ఏమీ లేదు. ఆయన అడిగేవారు, నేను చూపించేదాన్ని. వానొస్తే గొడుగు కింద నిలబడి చూపించేదాన్ని. కొన్నాళ్లకి గడ్డి పాఠాలు కూడా చెప్పారు. నేను దవడల పాఠాలు చెప్పాను. రోజంతటిలో నేను ఎదురుచూసేది ఆ కాసేపటి కోసమే అని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. తెలిశాక ఇంకేముంది, ఆయన నోటి నుంచి ఇంకో మాట వస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాను. కళ్లు కాయలు కాచాయి.

ఈ ఉద్యోగం మార్పు కోసం అని నీకు చెప్పాను. అది సగం నిజం. వెళ్తానంటే ఏమంటారో చూద్దామని ఒప్పుకున్నాను. ఫలానా ఊరు వెళ్తున్నానండీ అని చెప్పాను. ఆయన గొట్టం కింద పెట్టి బాగా ఆలోచించి, "ఆ ఊళ్లో నీళ్లు ఉప్పగా ఉంటాయండి, గడ్డి పట్టదు" అన్నారు. అంతే. ఉండిపొమ్మంటారని నేను అక్కడే నిలబడ్డాను. వెళ్లే రోజు పొద్దున్న కూడా ఎప్పట్లాగే "ఇవాళ ఎక్కడండీ?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఎవరూ ఆడలేని చోటు, ఇసక గొయ్యి పక్కన పల్లం చూపించి లోపలికి వచ్చేశాను.

ఆయన దాన్ని ఇంకా అక్కడే ఉంచారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. చదివి మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఇంకో సంగతి. సెలవు మీద వెళ్లిన అమ్మాయి ఇక రాదట. నన్ను ఇక్కడే ఉండిపొమ్మని డాక్టరమ్మ అడిగింది. ఇంకా ఏమీ చెప్పలేదు. ఈ ఉత్తరం సంగతి ఆయన దగ్గర ఎత్తకు, నా మీద ఒట్టు.

చెల్లి

•

ఏడో హోల్ వెనకిల్లు,
మంగళవారం. (ఆదివారం దాకా ఆగలేకపోయాను.)

ఒసేయ్,

ముందు కోపం వచ్చింది. ఒకే ఇంట్లో, ఒకే కంచంలో కలుపుకుని తిన్న రోజులున్నాయి మనకి, ఇంత మాట కడుపులో పెట్టుకుని నా ఎదురుగా ఏళ్ల తరబడి కాఫీ తాగావా? పైగా నేను చలిగాలి చలిగాలి అని వెనక తలుపు వేసేదాన్ని. ఎన్నిసార్లు నీ ముఖం మీద వేశానో తలుచుకుంటే సిగ్గేసింది. ఆ తర్వాత నవ్వొచ్చింది. మీ బావ ఎందుకు నవ్వుతున్నావంటే చెప్పలేదు. ఆ పల్లంలో ఆయన పోగొట్టుకున్న బంతులు బుట్టెడు ఉంటాయి.

ఒట్టు వేశావు గనక నీ ఉత్తరం మాట ఎత్తలేదు. కానీ వెళ్లి మాట్లాడకూడదని ఒట్టు వెయ్యలేదు కదా. పొద్దున్నే నేనూ ఒక గ్లాసు కాఫీ పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను. ఆయన తలెత్తి చూశారు. నీ చీర కట్టుకున్నాను, దూరం నుంచి ఒక్క క్షణం నువ్వే అనుకున్నట్టున్నారు. నడక వేగం పెరిగింది, దగ్గరికొచ్చాక తగ్గింది. అది చూశాక నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు గానీ, అడిగాను.

"అందరూ ఇన్ని మాటలంటున్నారు, ఆ జెండా కాస్త జరపకూడదా అండీ?"

"నేను పెట్టింది కాదండి, నేను జరపడానికి."

"ఎవరు పెట్టారు మరి?"

టోపీ తీశారు, పెట్టుకున్నారు. "చెల్లెలుగారు బాగున్నారా?" అన్నారు.

బాగుందన్నాను. నీళ్లు ఉప్పగానే ఉన్నాయా అని అడిగారు. అడుగుతానన్నాను. ఉప్పగా ఉన్నాయో లేదో రాయి, నాకు జవాబు చెప్పుకోవాలి.

ఇప్పుడు నా మాట విను. డాక్టరమ్మకి కుదరదని చెప్పేసి వచ్చెయ్. నీకు కావలసిన మనిషి ఇక్కడే ఉన్నాడు, నీ కోసం పచ్చటి గడ్డి చంపుకుంటున్నాడు. పని మీద ప్రాణం పెట్టే మనిషికి అంతకంటే పెద్ద మాట ఏముంటుంది? ఆయన ఒంటరిగా ఉండే క్వార్టర్సు పదో హోల్ వెనకే కదా. పెళ్లి చేసుకుని అక్కడికెళ్లినా మనింట్లో పోపు పెడితే నీకు తుమ్ములు వస్తాయి. పొద్దున్న అక్కడ కాపురం చేసుకో, మధ్యాహ్నం ఇక్కడికి రా. ఇంతకంటే మంచి సంబంధం నేను కూర్చుని వెతికినా దొరకదు. నాకు నువ్వు దూరం కాకుండా నీకు ఒక తోడు. రాత్రి పక్క మీద పడుకుని ఇదంతా తలుచుకుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నువ్వు లేని ఇల్లు నాకు బాగోలేదు. ఈ మాట ఇంతకుముందు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. బయల్దేరు.

అక్క

•

ల్యాబు మీది గది,
ఆదివారం.

అక్కా,

ఆయన నడక వేగం పెరిగిందన్న చోట కాగితం మడిచేసి, కిందకి వెళ్లి, పనిలేకపోయినా రెండు అచ్చులు పోసి వచ్చాను. తర్వాత మిగతాది చదివాను.

రావాలని నాకు లేదనుకుంటున్నావా? పొద్దున్నే మెలకువ వచ్చేసరికి చెయ్యి గ్లాసు కోసం వెతుకుతుంది. కిటికీ తీస్తే బస్సులు. డ్రైవర్లు వెనక్కి తీసేటప్పుడు ఒకడు నిలబడి చెయ్యి ఊపుతూ చోటు చూపిస్తాడు. వాణ్ణి చూస్తూ నిలబడుతున్నాను. నా పిచ్చికి నాకే నవ్వొస్తోంది.

కానీ నువ్వు పిలిచావని వస్తే, మళ్లీ నేనే అడిగినట్టవుతుంది. ఈ వయసులో నాకు మిగిలిన కోరిక ఒక్కటే, ఎవరైనా నన్ను నోరు తెరిచి అడగాలి. గడ్డితో కాదు, జెండాతో కాదు, మాటతో. నువ్వు ఆయనకి మాటలు నేర్పకు. ఆయనంతట ఆయనకి రాకపోతే వద్దు. డాక్టరమ్మకి నెలాఖరుకి జవాబు చెప్పాలి. అందాకా చూస్తాను.

ఒకటి మాత్రం చెప్పు. ఆ మూల గడ్డి ఏం పాపం చేసింది? నా కోపానికి అది చావడం నాకు ఇష్టం లేదు. వెనక వైపు, కుడి చేతి మూల, ఎత్తు మీద పెట్టమన్నానని చెప్పు. అక్కడ ఎండా నీడా సమంగా పడతాయి. ఆయన ఉద్యోగం పోకూడదు.

నీళ్లు ఉప్పగానే ఉన్నాయి. అది కూడా చెప్పు.

చెల్లి

•

ఏడో హోల్ వెనకిల్లు,
గురువారం.

చెల్లికి,

చెప్పమన్నది చెప్పాను. నేను మాట పూర్తిచెయ్యకముందే వెళ్లి గొట్టం తెచ్చుకున్నారు. కుడి చేతి మూల, ఎత్తు మీద. ఆ రోజంతా కాలనీలో పండగ చేసుకున్నారు. మీ బావ ఏడో హోల్ మూడు దెబ్బల్లో ముగించి, దారిన పోయే ప్రతివాడికీ చెప్పారు.

కానీ ఆలస్యమైంది. కమిటీ అంతకుముందే ఒక కంపెనీకి మాట ఇచ్చేసింది. వాళ్లు ఏ రోజు ఏ గుంట ఎక్కడుండాలో ఏడాదికి సరిపడా అచ్చువేసి తెస్తారట. జడ్జి గారు స్వయంగా వచ్చి ఆయనకి చెప్పారు, కాస్త మెత్తగానే చెప్పారు. ఆయన సరేనండి అన్నారు.

ఆయనకి వేరే చోట పని దొరికింది. పెద్ద స్టేడియం, కొత్తగా గడ్డి వెయ్యాలట. నీ దగ్గర్నుంచి ఒక పూట ప్రయాణం. ఇక్కణ్ణుంచి రెండు రోజులు. నువ్వున్న ఊరి కంటే ఇంకా దూరం.

వెళ్లేముందు మనింటికి వచ్చారు. గుమ్మంలో నిలబడి నీ అడ్రసు అడిగారు. అడ్రసు ఎక్కడో రాసి పెట్టానండీ, వెతికి ఇస్తాను, రేపు రండి అన్నాను. వారం వారం కవరు మీద రాస్తున్న అడ్రసు గుర్తు లేదట నాకు. మర్నాడు వచ్చారు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. అన్నీ అడిగాను, ఆ ఊళ్లో ఎండలెలా ఉంటాయి, ఇల్లు ఎన్ని గదులు, మళ్లీ ఇటు ఎప్పుడైనా వస్తారా. ఇటు రావడం కష్టమండి, కొత్త గడ్డి చంటిపిల్లతో సమానం, వదిలి రాకూడదు అన్నారు. ఆ తర్వాత ఆయన అడ్రసు మాట మళ్లీ ఎత్తకుండా అలా కూర్చున్నారు. నేనే లేచి కాగితం తెచ్చి రాసిచ్చాను. బస్సుల షెడ్డు పక్కన అని గుర్తు కూడా రాశాను, తప్పిపోకుండా.

ఆయనకి నేను మాటలేమీ నేర్పలేదు. ఏం మాటల్లో అడుగుతారో, అసలు అక్కడికొచ్చాక నోరు పెగులుతుందో లేదో నాకు తెలియదు. అడిగితే నీ మనసుకి ఏది తోస్తే అది చెప్పు. నా గురించి ఆలోచించకు. నాకేం, ఇల్లుంది, మీ బావ ఉన్నారు, పనులు బోలెడున్నాయి. రేపు పరుపులు ఎండలో వెయ్యాలి. ఇక్కడంతా బాగుంది. నేను బాగున్నాను.

ఆయన మధ్యాహ్నం పూట అన్నం సరిగ్గా తినరట, క్లబ్బు వంటావిడ చెప్పింది. వస్తే ముందు అన్నం పెట్టు.

అక్క

•

ల్యాబు మీది గది,
సోమవారం.

అక్కా,

వచ్చారు.

శనివారం మధ్యాహ్నం నేను మైనం పనిలో ఉన్నాను. కింద నుంచి నర్సు వచ్చి, ఎవరో పెద్దాయన, పళ్లన్నీ బాగానే ఉన్నాయి, కానీ వరసలో కూర్చుని కదలడం లేదు అంది. దిగి చూస్తే పళ్లూడిన ముసలివాళ్ల మధ్య బెంచీ మీద టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పక్కనున్న ముసలావిడ "నీకు పైవా కిందవా నాయనా?" అని అడుగుతోంది. ఆయన ఏం చెప్పాలో తెలియక నా వైపు చూశారు.

వెనక మెట్ల దగ్గరికి తీసుకెళ్లాను. నా చేతుల నిండా మైనం. ఆయన చాలాసేపు మెట్లకేసి చూశారు. నేను ఏమీ సాయం చెయ్యలేదు అక్కా, పళ్లు బిగబట్టి నిలబడ్డాను. గడ్డి గురించి ఏదో అంటారు, ఇక్కడికి కూడా వచ్చి అదే అంటారు అనుకున్నాను.

"మీ అక్కగారు అడ్రసు రాస్తూ ఏడ్చారండి" అన్నారు.

నేను వేళ్లకంటిన మైనం ఒలుచుకుంటున్నాను.

"లోపలికెళ్లి ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ రాశారు. మొదటి కాగితం తడిసిపోయింది. మీకు చెప్పొద్దన్నారు. చెప్పకుండా ఉండలేనండి, చెప్పే అడుగుతానని అన్నాను. ఆవిడ సరే అనలేదు, వద్దనలేదు."

"ఏం అడుగుతారు?" అన్నాను.

"మీరు నాతో వస్తే ఆవిడ ఇంకా ఏడుస్తారు. అది తెలిసి అడుగుతున్నానండి. నాతో వస్తారా?"

ఇన్నేళ్లుగా ఆ మాట ఎలా ఉంటుందో రకరకాలుగా ఊహించుకున్నాను. ఇలా మాత్రం ఊహించలేదు. ఇంకెవరైనా అయితే నన్ను పొగిడి అడిగేవారు, తన ఒంటరితనం చెప్పుకుని అడిగేవారు. ఈయన నీ ఏడుపు తెచ్చి ముందు నా చేతిలో పెట్టి, అప్పుడు అడిగారు. ఆ మనిషికి కాక ఇంకెవరికి ఒప్పుకుంటాను? ఒప్పుకున్నాను. తర్వాత ఇద్దరం అన్నం తిన్నాం. ఆయన రెండోసారి కూడా పెట్టించుకున్నారు.

డాక్టరమ్మకి చెప్పేశాను. స్టేడియం ఉన్న ఊళ్లోనూ పళ్లూడినవాళ్లు ఉంటారు కదా, నాకు పని దొరక్కపోదు.

నువ్వు "నేను బాగున్నాను" అని రాసిన కాగితం నా ఎదురుగా ఉంది. ఎంత గుండ్రంగా రాశావు, ఒక్క అక్షరం వంకర లేదు. అమ్మ పోయినప్పుడు కూడా ఇలాగే చేశావు. నా జడ వేసి, స్కూలుకి పంపి, నేను వీధి మలుపు తిరిగాక ఏడ్చేదానివని పక్కింటావిడ నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. అప్పుడు నేను చిన్నదాన్ని. ఇప్పుడు కాదు.

ఆయన ముందు వెళ్లి గడ్డి వేసుకుంటారు. నేను నెలాఖరుకి మనింటికి వస్తున్నాను, పెళ్లి దాకా నీ దగ్గరే ఉంటాను. పరుపులు ఎండలో వెయ్యకు, పచ్చళ్లు పెట్టకు, నా కోసం ఏ పనీ పెట్టుకోకు. వెనక తలుపు తీసి ఇద్దరం మెట్టు మీద కూర్చుందాం, చలిగాలైనా సరే. నీకు ఎంత ఏడవాలనుంటే అంత నా ఎదురుగా ఏడువు. నేనూ ఏడుస్తాను. బావగారు వచ్చి ఏమైందని అడిగితే ఇద్దరం కలిసి ఆయన ఆట గురించే అని చెబుదాం.

నీ చెల్లి